తేలిన తొట్టి

మా నర్సరీలో ఆ గొయ్యి తవ్వుతున్నన్ని రోజులూ దారిన పోయేవాళ్లందరూ ఆగి ఒకటే అడిగారు. "ఏం చేప వేస్తున్నారండి?"

తొంభైల చివర సంగతి. మా వైపు ఎవరు గొయ్యి తవ్వినా అయితే చేపలకు, లేకపోతే రొయ్యలకు అనుకునే రోజులవి. కడియం చుట్టుపక్కల మా మొక్కల వాళ్లం తప్ప మిగతా వాళ్లంతా వరిచేలను చెరువులు చేసేస్తున్నారని గోలగా ఉండేది. మొదట్లో నేను నిజమే చెప్పాను. "చేపలకు కాదండి, ఈతకు" అన్నాను. వాళ్లు నవ్వేసి, "చెప్పడం ఇష్టం లేకపోతే పోనీలెండి" అని వెళ్లిపోయేవారు. నిజం చెబితే నమ్మని వాళ్లతో నాకు పడదు. ఒళ్లు మండి ఒకాయనకు బొచ్చెలు వేస్తున్నామన్నాను, ఇంకొకాయనకు కొర్రమీను అన్నాను, మూడో ఆయనకు మొసలిని పెంచుతున్నామని చెప్పాను. ఆ మూడో ఆయన కాసేపు ఆలోచించి, "దానికి రేటుందంటారా?" అని అడిగాడు.

అది ఈతకే. మా అమ్మాయి కోసం.

మా ఇంటి వెనక నాలుగు అంగల్లో కాలువ. అమ్మాయికి ఆరేళ్లప్పుడు నడుముకు జీలుగు బెండ్లు కట్టి రేవులో దింపాం. నేను గట్టు మీద నిలబడి అరవడం తప్ప నేర్పిందేమీ లేదు. నెల తిరక్కుండానే బెండ్లు విప్పి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత బడి నుంచి రావడం, పుస్తకాలు అరుగు మీద పడేయడం, కాలువలో దూకడం. రేవు నుంచి తూము దాకా వెళ్లి, ఎదురీదుకుంటూ తిరిగొచ్చేది. ఎదురీతలో మగపిల్లలు సగంలో గట్టెక్కేసేవారు. ఇది ఎక్కేది కాదు. ఆ మొండితనం ఎవరిదని మా వారు నన్ను అడుగుతూ ఉండేవారు.

పదమూడో ఏట పెద్దమనిషి అయింది. చాప మీద కూర్చోబెట్టాం, పేరంటాళ్లను పిలిచాం, నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచి పెట్టాం. హారతి అయ్యాక మా అత్తగారు మనవరాలి తల నిమిరి, "ఇంక కాలువ గట్టు దిగకమ్మా" అంది.

"ఎన్నాళ్లు నానమ్మా?" అని అడిగింది పిల్ల.

"ఎన్నాళ్లేంటి? ఇంక అంతే."

నా చేతిలో హారతి పళ్లెం ఉంది. అది నేలకేసి కొట్టాలనిపించింది. ఎందుకంటే ఇదే మాట, ఇలాంటి చాప మీదే, నాకూ చెప్పారు. మండపేట దగ్గర మా పుట్టింటి ఊళ్లో మా నాయనమ్మ చెప్పింది. నాకప్పుడు పన్నెండు. మా ఊరి పిల్లల్లో నా అంత దూరం బార వేసేవాళ్లు లేరు. మునిగానంటే నేను ఎక్కడ తేలతానోనని గట్టు మీద పందాలు కట్టేవారు. అలాంటిదాన్ని, నాయనమ్మ ఇంక వద్దనగానే తలూపి చిమ్మిలి తినేశాను. ఎన్నాళ్లు అని కూడా అడగలేదు. ఆ తర్వాత పాతికేళ్ల పైన పుణ్యస్నానాలకు ముక్కు మూసుకుని మూడు మునకలు వేయడమే గానీ ఈత అన్నది లేదు. మా నాయనమ్మ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. చిమ్మిలి తిన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

పేరంటాళ్లు వెళ్లాక మా వారితో చెప్పాను. "మనకి నాలుగెకరాలుంది. అందులో పిల్ల ఈదేందుకు ఓ తొట్టి కట్టించండి."

ఆయన వెంటనే అవునని గానీ కాదని గానీ అనే మనిషి కాదు. కాసేపు మామిడి అంట్ల వైపు చూసి, "ఎంత పొడవు ఉండాలి?" అన్నారు. అంతే, పని అయిపోయినట్టే. ఇందులో తమాషా ఏమిటంటే, ఆయనకు ఈత రాదు. పుట్టినప్పుడే జాతకంలో జలగండం ఉందన్నారట. చుట్టూ కాలువలు, పక్కనే గోదావరి ఉన్న ఊళ్లో మా అత్తగారు కొడుకును మోకాలి లోతు దాటనివ్వకుండా పెంచింది. ఆవిడేమో గోదావరి పాయ మధ్య లంకలో పుట్టిన మనిషి, తాను మాత్రం చిన్నప్పుడు చేపపిల్లలా తిరిగిందట. కొడుకు దగ్గరికొచ్చేసరికి బిందెతో పోసుకునే నీళ్లే నీళ్లు.

మా నేలలో ఏది తవ్వాలన్నా వేసవిలోనే తవ్వాలి. అప్పుడు కాలువలు కట్టేస్తారు, నేలలో నీరు కిందికి దిగుతుంది. జూన్‌లో కాలువలు వదిలారంటే నాలుగు పారలు తవ్వేసరికి నీరు పలకరిస్తుంది. అందుకని ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. ముప్పై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు. ఒక పక్క మూడడుగుల లోతు, అక్కడి నుంచి వాలుగా దిగి రెండో పక్క ఐదున్నర. తవ్విన మట్టి ఒక్క తట్ట కూడా వృథా పోలేదు. ఎరువు కలిపి మొక్కల కవర్లలోకి ఎత్తేశాం. ఆ ఏడాది మా దగ్గర కొన్న బంతీ మందారం చాలావరకు మా అమ్మాయి ఈత తొట్టి మట్టిలో పుట్టినవే.

మేస్త్రీని మండపేట నుంచి పిలిపించారు. అక్కడి మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి వడ్లు నానేసే సిమెంటు తొట్లు కట్టడంలో ఆయనకు పేరు. ఈత కొలను ఆయన ఎన్నడూ చూడలేదు. మేమూ సినిమాల్లో చూడటమే. తాడు పట్టి కొలిచి, "ఇందులో ఎన్ని బస్తాలు నానొచ్చో తెలుసాండి?" అని మురిసిపోయాడు. బస్తాలు కాదు, ఆడపిల్ల ఈదాలి అంటే, "ఆయ్, అలాగేనండి. నున్నగా చేస్తాను, ఒంటికి గీసుకోకుండా" అన్నాడు. చేశాడు కూడా. లోపలంతా అద్దంలా పాలిష్ పట్టాడు. ఒక మూల రేవు మెట్లు కట్టాడు. గట్టు మీద కడప రాళ్లు పరిచాడు. హైదరాబాదు ఆర్డరు కోసం పెంచిన అశోక మొక్కలు రెండు లారీలవి ఉంటే, వాటిలో మంచివి ఏరి, ఇంటి వైపు వదిలి తొట్టి చుట్టూ దగ్గర దగ్గరగా నాటించాను. లోపల ఏముందో దారికి కనబడదు.

అన్నీ సవ్యంగానే జరిగాయి గానీ, ఒక్క దగ్గర నేను నోరు పెట్టాను. అడుగు పోసే ముందు మేస్త్రీ మా ఇద్దరినీ పిలిచి, "అడుగున ఒక కన్నం ఉంచుతానండి. మూత పెట్టుకుందాం. నేల కింద నీటికి దారుండాలి. లేకపోతే ఎప్పుడో పైకి తన్నుద్ది" అన్నాడు.

"నీళ్లు నిలవాలని కడుతుంటే అడుగున కన్నమేంటండి?" అన్నాను నేను.

"మిల్లు తొట్లయితే నేల మీద ఉంటాయి. ఇది నేల్లో ఉందండి అమ్మగారూ."

"నుయ్యి కూడా నేల్లోనే ఉంది. అదెప్పుడైనా పైకి తన్నిందా?"

నూతికి అడుగే ఉండదన్న సంగతి ఆయనకు తెలుసు, మా వారికి తెలుసు, ఆ క్షణంలో నాకొక్కదానికే తోచలేదు. మా వారు నా మొహం చూసి ఊరుకున్నారు. మేస్త్రీ మా వారి మొహం చూసి ఊరుకున్నాడు. కన్నం లేకుండా అడుగు పడింది.

కాలువలు వదలడానికి ముందే బోరు నీళ్లతో తొట్టి నింపాం. మా అత్తగారు వచ్చి పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, గట్టు మీద కాసేపు నిలబడింది. ఇది ఎందుకు కట్టారని ఇన్ని రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. "నీళ్లు బాగున్నాయి" అని ఇంట్లోకి వెళ్లిపోయింది. మా అమ్మాయి పాత చుడీదార్ వేసుకుని దూకింది. ముప్పై అడుగులు దానికి నాలుగు బారలు. పోతుంది, కాలితో గోడను తన్నుతుంది, తిరిగొస్తుంది. "ఎదురీత లేదమ్మా ఇందులో" అని ఒక వంక పెట్టింది గానీ, ఆ వేసవి సెలవుల్లో మిగిలిన రోజులన్నీ దాని తల ఆరింది లేదు. నేను మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకుని చూసేదాన్ని. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడొచ్చిందో చెప్పమంటే వెతుక్కోవాలి.

"నువ్వూ దిగమ్మా" అనేది. పొయ్యి మీద పప్పుందని ఒకసారి, కూలీలున్నారని ఒకసారి, చీర తడిస్తే బరువని ఒకసారి తప్పించుకునేదాన్ని. అసలు సంగతి వేరు. అత్తగారు ఏమంటుందో అన్నది ఒకటి. ఇప్పుడు దిగితే నాకు ఈత రాదేమోనన్నది రెండోది. ఆ రెండోదే పెద్దది.

శ్రావణం వచ్చేసరికి నీళ్లు పచ్చబడ్డాయి. మందులు వేసి శుభ్రం చేసే యంత్రాలుంటాయని మాకు తెలియదు. "సగం తోడించి మంచి నీళ్లు కలుపుదాం, వేసవి దాకా ఓపిక పట్టు" అన్నారు మా వారు. నాకు ఓపికా? వరలక్ష్మీ వ్రతానికి మా పుట్టింటి వాళ్లు వస్తున్నారు. ఊరంతా మొసలి తొట్టి అని చెప్పుకుంటున్న మా తొట్టిని వాళ్లకు చూపించాలి. నూతిని ఏడాదికోసారి అడుగంటా తోడించి కడిగిస్తాం కదా, దీన్నీ అలాగే చేయిద్దామనుకున్నాను. మా వారు ఎరువుల పని మీద కాకినాడ వెళ్లిన రోజు చూసి మోటారు పెట్టించాను.

అప్పటికి మూడు రోజులుగా వాన. కాలువ నిండుగా పోతోంది. పక్క చేలో వరి ఊడ్పులు అయ్యి గట్ల దాకా నీరు నిలబడి ఉంది. అదంతా నా కళ్లెదుటే ఉన్నా నా బుర్రకెక్కలేదు. పదకొండింటికల్లా తొట్టి ఖాళీ అయింది. నలుగురు కూలీలు దిగి కొబ్బరి పీచుతో అడుగు రుద్ది, మధ్యాహ్నం అన్నాలకు గట్టెక్కారు. నేను వాళ్లకు మజ్జిగ పోయిస్తున్నాను. అప్పుడు తొట్టి వైపు నుంచి, నిండు బస్తాను గచ్చు మీద ఈడ్చినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే లోతు పక్క గోడ నేల మీదికి జానెడు లేచి ఉంది. గట్టు మీది కడప రాళ్లు ఎగదన్నుకుని విరిగాయి. చూస్తూండగానే ఇంకో రెండంగుళాలు లేచింది.

కూలీలు దండం పెట్టి దూరంగా జరిగారు. గంగమ్మ లేచిందన్నారు. నాకు మాత్రం మేస్త్రీ మాట గుర్తొచ్చింది. నేల కింద నీరు ఖాళీ తొట్టిని పైకి తన్నేస్తోంది. వరండాలోంచి అమ్మాయి చూస్తోంది. దానికి ఆ పూటే నెలసరి వచ్చింది. ఆ మూడు రోజులూ మొక్కల మధ్యకు రానివ్వకపోవడం మా నర్సరీల్లో ఆచారం, అంట్లు చచ్చిపోతాయంటారు. అది అక్కడి నుంచే, "అమ్మా, పోయిందా?" అని అడిగింది. పిల్లకు ఇచ్చిందాన్ని నా చేత్తో నేనే విరగ్గొట్టానని ఏడుపొచ్చింది.

ఎస్టీడీ బూత్ నుంచి మిల్లుకు ఫోన్ చేయిస్తే మేస్త్రీ మూడింటికల్లా మోపెడ్ మీద వచ్చాడు. "నేను చెప్పాను కదండి" అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండేది. అనలేదు. "నీళ్లు పెట్టేయండి ముందు. బరువుకి దిగుద్ది" అన్నాడు. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. పక్క చేను రైతును బతిమాలి ఆయన ఆయిలింజను తెచ్చి కాలువ గట్టున పెట్టి, గొట్టం తొట్టిలోకి వదిలాం. గోదావరి వరద రోజులు కదా, కాలువలో పారేది ఎర్రనీరు. పొద్దుగూకేలోపు తొట్టంతా టీ రంగు నీళ్లతో నిండింది. తొట్టి మెల్లమెల్లగా కిందికి దిగింది గానీ, పూర్తిగా దిగలేదు, ఒక పక్కకు ఒరిగి ఆగింది. కాకినాడ నుంచి వచ్చిన మా వారు నన్నొక్క మాట అనకుండా, మేస్త్రీలు మట్టం చూసే సన్నటి నీళ్ల గొట్టం రెండు పక్కలా పట్టి, "నాలుగంగుళాలు" అన్నారు. గొట్టం చుట్టేస్తూ, "తొట్టి కట్టించమంటే పడవ కట్టించావు కదే" అన్నారు. ఆయన అలా అన్నాక గానీ నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఒరిగితే ఒరిగింది, దాంతో ఇబ్బంది లేదన్నాడు. "అడుగు పగిలిందా లేదా చూడాలండి. పగిలితే వాలు మొదలయ్యే చోటే పగులుద్ది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. పగిలితే మాత్రం పూడ్చేయడమే. పిల్లలు దిగేది కదా."

చూద్దామంటే ఎర్రనీటిలో బెత్తెడు లోతు కూడా కనబడదు. తోడదామంటే మళ్లీ లేస్తుంది. ఎవరో ఒకరు మునిగి చేత్తో తడిమి చూడాలి. కూలీలు గంగమ్మ మీద ఒట్టేసి దిగేది లేదన్నారు. మా వారికి జలగండం. మేస్త్రీ వైపు చూశాం. "నాకు ఈత రాదండి" అన్నాడు తల దించుకుని. "తొట్లు కట్టడమే గానీ దిగలేదెప్పుడూ." అమ్మాయికి ఇంకా రెండు రోజులుంది. వరండా స్తంభాన్ని పట్టుకుని మావైపే చూస్తోంది.

"అమ్మాయ్, నువ్వు దిగు."

మా అత్తగారు. ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది.

"నేనా అత్తయ్యా?"

"నువ్వే. నీకు ఈతొచ్చుగా."

"నేనెప్పుడూ మీతో అనలేదే."

"అనాలేంటి? పెళ్లైన ఏడాది కార్తీకంలో గోదాట్లో స్నానానికి వెళ్లాం. అందరూ మునిగి ఉక్కిరిబిక్కిరై లేచారు. నువ్వు మునిగి, లోపలే ఉండిపోయి, నాలుగు మూరలు అవతల తేలావు. నీళ్లు తెలిసిన పిల్లే అనుకున్నాను."

ఇన్నేళ్లు ఎవరికీ తెలియదనుకున్నాను. "మరి పిల్లని వద్దన్నారుగా" అన్నాను చివరికి, కాస్త కోపంగానే.

"కాలువ రేవులో పదిమంది మగాళ్లుంటారని గట్టు దిగొద్దన్నాను. నీళ్లొద్దన్నానా?" అని, నా కొంగు తీసి తనే నడుముకు బిగించింది.

ఊడ్పులకు దిగే ఆడవాళ్లలా చీర గోచీ పోసి కట్టుకున్నాను. మేస్త్రీ మర్యాదగా అశోక మొక్కల వైపు తిరిగి నిలబడ్డాడు. మెట్లు దిగుతుంటే కాలువ వాసన వేసింది. పన్నెండేళ్లప్పుడు నా జడలోంచి వచ్చిన ఒండ్రు వాసన. గాలి పీల్చుకుని మునిగాను. మొదటి మునకలో భయమే సరిపోయింది, అడుగు అందేలోపు పైకి వచ్చేశాను. కళ్లలోంచి నీళ్లు తుడుచుకుని రెండోసారి మునిగాను. ఈసారి కాళ్లు వాటంతట అవే కొట్టుకున్నాయి. అడుగున అరచెయ్యి ఆనించి, వాలు మొదలయ్యే చోటు పట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా తడుముకుంటూ పోయాను. పల్చగా ఒండ్రు, దాని కింద నున్నటి సిమెంటు. మేస్త్రీ చెప్పినంతా చేశాడు. ఎక్కడా గోరు దిగే సందు లేదు.

అవతలి గోడ దగ్గర తేలాను.

"ఏమైనా తగిలిందాండి?" అన్నాడు మేస్త్రీ, మొక్కల వైపే చూస్తూ.

"పగులుందామ్మా?" అంది అమ్మాయి వరండాలోంచి.

"ఇంకా చూడాలి" అన్నాను.

కాలితో గోడను తన్ని బార వేశాను. ముప్పై అడుగులకు నాకు ఐదు బారలు పట్టాయి, పిల్లకంటే ఒకటి ఎక్కువ. తిరిగి వచ్చాను. మళ్లీ వెళ్లాను. వెల్లకిలా తిరిగి కాసేపు ఆకాశం చూశాను. ఒరిగిన తొట్టిలో నీళ్లు ఒక పక్క అంచు దాకా వచ్చి, రెండో పక్క నాలుగంగుళాలు కిందికి ఉన్నాయి. ఈదేవాళ్లకు దాంతో పనేమీ లేదు.

"దొరికిందా?" అన్నారు మా వారు. ఆయన గొంతులో నవ్వుంది.

"మూలలు చూడలేదండి."

గట్టు మీద మా అత్తగారు విరిగిన కడప రాయి ఒకటి సర్దుకుని కూర్చుంది. చీర కాస్త పైకి తీసి, రెండు పాదాలూ ఎర్రనీటిలో పెట్టింది. "సరిగ్గా చూడమ్మా" అంది. "తొందరేం లేదు."

పగులు లేదని నాకు రెండో మునకలోనే తెలిసింది. ఆ మాట గట్టు మీదికొచ్చి చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది.